పునాది ఏడాది: డిగ్రీలో గణితం, ఫిజిక్స్ చేతికి రావాలంటే

ఇంటర్ ఎంపీసీలో వెయ్యికి తొమ్మిది వందలకు పైగా తెచ్చుకున్న పిల్లలు డిగ్రీ మొదటి సెమిస్టర్‌లోనో, బీటెక్ మొదటి ఏడాది మ్యాథ్స్‌లోనో బ్యాక్‌లాగ్ పెట్టుకోవడం మన చుట్టూ కనిపించేదే. ఇంట్లో వాళ్ళు ఫోను వల్లే అంటారు. కాలేజీలో బేస్ లేదంటారు. పిల్లలు మాత్రం ‘నాకింక లెక్కలు రావు’ అని తమ మీద తామే తీర్పు చెప్పుకుంటారు. వీటిలో ప్రమాదకరమైనది చివరి మాటే. చాలామంది విషయంలో అది నిజం కూడా కాదు.

అసలు మారింది చదువు నడక. ఏపీ ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పేపర్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలుంటాయి. ఒక్కో ప్రశ్నకు 70 సెకన్లు కూడా రావు. ఆ కాస్త సమయంలో ఫార్ములా గుర్తు రావాలి, అంకెలు వేయాలి, జవాబు బబుల్ నొక్కాలి. ‘ఈ ఫార్ములా ఎక్కడి నుంచి వచ్చింది?’ అని ఆగినవాడు వెనకబడతాడు. రెండేళ్ళపాటు రోజూ అలా సాధన చేసిన బుర్రకు ఆగకపోవడమే అలవాటవుతుంది. డిగ్రీలో అడుగు పెట్టగానే అంతా తిరగబడుతుంది. ఇక్కడ మూడు గంటల్లో రాయాల్సినవి కొన్ని పెద్ద ప్రశ్నలే. ప్రతి దాంట్లోనూ ‘నిరూపించండి’, ‘రాబట్టండి’, ‘కారణం చెప్పండి’ అని ఉంటుంది. ఇప్పుడు ఆగనివాడే వెనకబడతాడు.

ఈ అధ్యాయం చెప్పేది ఒక్కటే. మొదటి ఏడాది గణితం, ఫిజిక్స్ కోర్సుల్లో మీరు సంపాదించాల్సినది, ఖాళీ కాగితం ముందు కూర్చుని, ఏ పుస్తకమూ చూడకుండా, మొదటి లైను నుంచి చివరి లైను దాకా ప్రతి అడుగుకూ కారణం చెబుతూ రాయగల శక్తి. ఆ శక్తి ఒక్క సిద్ధాంతం మీద వచ్చినా చాలు, రెండోది సులువవుతుంది. రాకపోతే ఎన్ని చాప్టర్లు పూర్తి చేసినా పరీక్ష అయిన వారానికి ఏమీ మిగలదు.

యర్రగొండపాలెం, పుల్లలచెరువు, త్రిపురాంతకం, దోర్నాల, పెద్దారవీడు నుంచి వచ్చే విద్యార్థులను మనసులో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను. మీలో కొందరు ఊళ్ళోనో మార్కాపురంలోనో డిగ్రీలో చేరి ఉంటారు, కొందరు ట్రిపుల్ ఐటీకో ఇంజనీరింగ్ కాలేజీకో వెళ్ళి ఉంటారు. కాలేజీ ఏదైనా అవధి నిర్వచనం అదే, న్యూటన్ రెండో నియమం అదే.

1. ముందు దారి మొత్తం చూడండి

చాలామంది సిలబస్ కాగితాన్ని పరీక్షల ముందు రోజు చూస్తారు. మీరు మొదటి వారంలోనే చూడండి.

ప్రకాశం జిల్లా డిగ్రీ కాలేజీలు ఒకప్పుడు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉండేవి. తర్వాత ఒంగోలులో ఏర్పడిన ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం కిందికి వచ్చాయి. 2023-24లో ఆంధ్రప్రదేశ్‌లో సింగిల్ మేజర్ విధానం మొదలైనప్పుడు, సైన్స్ విద్యార్థులకు మొదటి సెమిస్టర్‌లో గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపిన రెండు పరిచయ కోర్సులు పెట్టారు. రెండో సెమిస్టర్ నుంచి మ్యాథ్స్ మేజర్ వాళ్ళకు డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, సాలిడ్ జామెట్రీ, ఫిజిక్స్ మేజర్ వాళ్ళకు మెకానిక్స్, వేవ్స్ అండ్ ఆసిలేషన్స్ వచ్చాయి. ఆపైన గ్రూప్ థియరీ, రియల్ ఎనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా ఒక వైపు. థర్మోడైనమిక్స్, ఆప్టిక్స్, ఎలక్ట్రిసిటీ ఇంకో వైపు. నిబంధనలు మారినప్పుడల్లా పేర్లు, సెమిస్టర్లు అటూ ఇటూ జరుగుతాయి. మీ బ్యాచ్ సిలబస్‌ను మీ కాలేజీలోనే అడిగి తీసుకోండి. వరస ఏదైనా లోపలి సరుకు ఇదే.

ఆ కాగితం మీద ఒక పని చేయండి. ఏ అంశం ఏ అంశం మీద ఆధారపడుతుందో బాణాలు గీయండి. అవకలనం రాకుండా డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ రావు. సదిశలు రాకుండా మెకానిక్స్ రాదు. ఈ రెండూ కలిస్తేనే ఆసిలేషన్స్. బాణాలు గీశాక, ఎక్కువ బాణాలు ఎక్కడి నుంచి బయలుదేరుతున్నాయో చూడండి. ప్రమేయాలు, అవకలనం, సమాకలనం, సదిశలు, త్రికోణమితి: ఈ అయిదే తేలతాయి. ఇవన్నీ ఇంటర్‌లో చదివినవే. మొదటి నెలలో రోజూ ఒక అరగంట వీటికే ఇవ్వండి. పాత ఇంటర్ తెలుగు అకాడమీ పుస్తకం అమ్మేయకండి, డిగ్రీలో అదే మీ మొదటి రిఫరెన్స్.

2. నిర్వచనం దగ్గర ఆగండి

డిగ్రీ గణితంలో మొదటి గోడ అవధి నిర్వచనం. ఎప్సిలాన్, డెల్టా అక్షరాలు కనబడగానే పేజీ తిప్పేసేవాళ్ళే ఎక్కువ. అక్కడే ఒక సాయంత్రం కూర్చోండి.

దాన్ని ఇద్దరి మధ్య పందెంలా చదవాలి. x విలువ 2కు చేరువైతే 3x+1 విలువ 7కు చేరువవుతుందని మీరంటున్నారు. ఎదుటివాడు నమ్మడు. ‘7కు ఎంత దగ్గరగా? తేడా 0.03 లోపే ఉండాలి, చూపించు’ అంటాడు. ఆ 0.03 ఎప్సిలాన్. 3x+1కు 7కు మధ్య తేడా ఎప్పుడూ x కు 2కు మధ్య ఉన్న తేడాకు మూడు రెట్లు. కాబట్టి ‘x ను 2కు 0.01 లోపు ఉంచు, నువ్వడిగింది జరుగుతుంది’ అని మీరు జవాబిస్తారు. ఆ 0.01 డెల్టా. అతను 0.0003 అడిగితే మీరు 0.0001 చెబుతారు. అతను ఎంత చిన్న ఎప్సిలాన్ అడిగినా, దాన్ని మూడుతో భాగించి డెల్టా ఇవ్వగలరు. ఎన్నడూ ఓడిపోరని చూపించడమే ప్రూఫ్.

ఇప్పుడు మీరే x వర్గం తీసుకుని, x విలువ 3 దగ్గర ఇదే పందెం ఆడి చూడండి. ఈసారి తేడా ఎన్ని రెట్లవుతుందన్నది స్థిరంగా ఉండదు, x తోపాటు మారుతుంది. దాన్ని ఎలా అదుపులో పెట్టాలో తేల్చడానికి మీకు గంట పట్టవచ్చు. ఆ గంట వృథా కాదు. రియల్ ఎనాలిసిస్‌లో రాబోయే సగం ప్రూఫ్‌ల పని ఇలాంటిదే.

దీన్ని ఇంటర్‌లోనే ఎందుకు చెప్పలేదని మీకు కోపం రావచ్చు. చరిత్రలోనూ ఇదే వరస. న్యూటన్, లైబ్నిజ్ 17వ శతాబ్దంలో కాలిక్యులస్ కనిపెట్టి గ్రహాల కదలికలు లెక్కగట్టారు. ‘చేరువవడం’ అంటే కచ్చితంగా ఏమిటన్న ప్రశ్నకు గట్టి ఆధారం వేసే పని ఫ్రాన్స్‌లో కోషీ చేతిలో రూపం దిద్దుకుంది. 1821లో పారిస్ ఎకోల్ పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం ఆయన అచ్చు వేయించిన పాఠాలు దానికి మొదటి మెట్టు. ఆ తర్వాత జర్మనీలో వయర్‌స్ట్రాస్ దాన్ని నేటి ఎప్సిలాన్–డెల్టా రూపానికి తెచ్చాడు. అంటే వాడకానికీ ఆధారానికీ మధ్య మహామేధావులకే నూటయాభై ఏళ్ళకు పైగా పట్టింది. ఇంటర్‌లో వాడకం, డిగ్రీలో ఆధారం అనే క్రమం మీ బ్యాచ్‌కు జరిగిన అన్యాయం కాదు. అది మీకు నెల రోజుల్లో అర్థం కాకపోతే సిగ్గుపడాల్సిన పనీ లేదు.

కొత్త నిర్వచనం ఏది వచ్చినా నాలుగు పనులు చేయండి. దాన్ని చూడకుండా రాయండి. దానికి సరిపోయే ఒక ఉదాహరణ వెతకండి. సరిపోని ఉదాహరణ ఒకటి వెతకండి. నిర్వచనంలోంచి ఒక షరతు తీసేస్తే ఏం చెడుతుందో రాయండి. ఈ నాలుగూ రాసిన నిర్వచనాన్ని మీరు మరిచిపోరు.

3. మీ ఊరిని లెక్కలోకి తెచ్చుకోండి

ఫిజిక్స్ చాలామందికి ఎందుకు పట్టుబడదంటే, పుస్తకంలో బ్లాకులు, కప్పీలు, వాలు బల్లలు తమ జీవితానికి చెందినవని వాళ్ళకు అనిపించదు. పశ్చిమ ప్రకాశంలో పెరిగినవాళ్ళకు నీటి కంటే దగ్గరి విషయం లేదు. ఫిజిక్స్‌ను అక్కడే పట్టుకుందాం.

మొదటిది బోరు. 600 అడుగుల లోతు నుంచి 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు ఎంత నీరు తేగలదు? డీలరును అడగకముందే మీరు చెప్పగలరు. ఒక హెచ్‌పీ 746 వాట్లు, కాబట్టి 5 హెచ్‌పీ 3,730 వాట్లు. 600 అడుగులు సుమారు 183 మీటర్లు. ఒక లీటరు నీరు ఒక కిలో. దాన్ని అంత ఎత్తుకు తేవడానికి 9.8ని 183తో గుణిస్తే వచ్చే శక్తి కావాలి, అంటే దాదాపు 1,800 జౌళ్ళు. మోటారులో, పంపులో, పైపు రాపిడిలో సగం పోయి మిగతా సగమే నీటికి అందిందనుకుందాం. సెకనుకు 1,865 జౌళ్ళు. భాగిస్తే సెకనుకు ఒక లీటరు. గంటకు సుమారు 3,700 లీటర్లే. నీటి మట్టం ఇంకో 200 అడుగులు దిగితే ఇదే మోటారు నాలుగింట మూడొంతుల నీరే ఇస్తుంది. ఎండాకాలంలో ధార సన్నబడటం వెనక ఉన్న సమీకరణం ఇదే. మీ ఇంట్లో బిల్లు కట్టే మనిషికి ఈ లెక్క చెప్పి చూడండి. చెప్పగలిగితే పని, శక్తి, సామర్థ్యం అనే పాఠం మీకు వచ్చినట్టే.

బోర్లకు ముందు కాలం నాటి ఇంకో ప్రశ్న. పాత దిగుడు బావుల్లో నీరు కిందికి పోయినప్పుడు గట్టు మీది మోటారును బావి లోపల అరుగు మీదికి ఎందుకు దించేవారు? మోటారు నీటిని లాగుతుందనుకుంటాం. మోటారు పైపులో పీడనం తగ్గిస్తుంది, అంతే. నీటిని పైకి నెట్టేది బావి నీటి మీద ఉన్న గాలి. వాతావరణ పీడనం చదరపు మీటరుకు సుమారు 1,01,300 న్యూటన్లు. దాన్ని నీటి సాంద్రత, గురుత్వ త్వరణాల లబ్ధంతో భాగిస్తే 10.3 మీటర్లు, అంటే 34 అడుగులు. అంతకు మించి గాలి నెట్టలేదు. ఆచరణలో 25 అడుగులు దాటగానే కష్టమవుతుంది. ఎంత హెచ్‌పీ మోటారు బిగించినా ఈ హద్దు మారదు. బోర్లలో మోటారును నీళ్ళలోకే దించేది అందుకే. పీడనం పాఠం చదివి ఈ ప్రశ్న రాలేదంటే, ఫార్ములా మాత్రమే వచ్చిందని అర్థం.

ఇక వెలిగొండ. పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న ఈ ప్రాజెక్టు శ్రీశైలం జలాశయం నుంచి, దోర్నాల దగ్గర నల్లమల కింద తవ్విన రెండు సొరంగాల ద్వారా 43.5 టీఎంసీల నీరు తేవాలన్న లక్ష్యంతో రూపొందింది. ఒక్కో సొరంగం పొడవు 18.8 కిలోమీటర్లు. మొదటిది 7 మీటర్ల వ్యాసం, 3,000 క్యూసెక్కులు. రెండోది 9.2 మీటర్లు, 8,500 క్యూసెక్కులు. పేపర్లో ఈ అంకెలు ఎన్నోసార్లు చదివి ఉంటారు. వాటితో ఎప్పుడైనా లెక్క చేశారా?

రెండూ కలిపి 11,500 క్యూసెక్కులు, అంటే సెకనుకు 11,500 ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు. గుణిస్తే 99 కోట్ల 36 లక్షల ఘనపుటడుగులు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రెండు సొరంగాలూ నిండుగా పారితే రోజుకు దాదాపు ఒక టీఎంసీ. 43.5 టీఎంసీలు రావాలంటే శ్రీశైలంలో వరద సుమారు 44 రోజులు నిలవాలి. వరద రోజుల గురించి ఇంజనీర్లు, నాయకులు ఎందుకు అంత వాదించుకుంటారో ఈ గుణకారం చెబుతుంది.

ఇంకా లోపలికి వెళ్దాం. మొదటి సొరంగం అడ్డుకోత వైశాల్యం 38.5 చదరపు మీటర్లు. 3,000 క్యూసెక్కులంటే సెకనుకు 85 ఘనపు మీటర్లు. సొరంగం నిండుగా పారుతుందనుకుంటే వేగం సెకనుకు 2.2 మీటర్లు, నీరు ఆ చివర తేలడానికి రెండు గంటల పైమాట. రెండో దాని వైశాల్యం 66.5 చదరపు మీటర్లు, వేగం 3.6 మీటర్లు. ఇక్కడ ఆగండి. వైశాల్యం 1.7 రెట్లు పెరిగితే నీరు 2.8 రెట్లు పెరిగింది. మిగతా తేడా అంతా వేగంలోంచి రావాలి. పెద్ద సొరంగంలో వేగం ఎందుకు ఎక్కువ ఉంటుంది? గోడ రాపిడి ఎంత? వాలు ఎంత? ఈ ప్రశ్నలు వేసుకుంటూ ఫ్లూయిడ్ మెకానిక్స్ చాప్టర్ తెరవండి. జవాబు అవసరమై చదివేవాడికి, సిలబస్‌లో ఉందని చదివేవాడికి అదే పేజీ వేరుగా కనిపిస్తుంది.

ప్రతి లెక్కలోనూ యూనిట్లను అంకెల వెంటే నడిపించండి. బోరు లెక్కలో జౌళ్ళను జౌళ్ళు కొట్టేసి చివరికి ‘లీటర్లు/సెకను’ మిగలాలి. వేరేది మిగిలితే తప్పు ఎక్కడో ముందే జరిగిందని తెలిసిపోతుంది.

4. రెండు నోట్సులు పక్కపక్కన పెట్టండి

మ్యాథ్స్ పీరియడ్‌లో రెండో ఆర్డర్ డిఫరెన్షియల్ ఈక్వేషన్ చెబుతారు. సహాయక సమీకరణం రాసి, మూలాలు కల్పిత సంఖ్యలైతే జవాబులో సైన్, కొసైన్ వస్తాయంటారు. రెండు గంటల తర్వాత ఫిజిక్స్ పీరియడ్‌లో స్ప్రింగ్‌కు కట్టిన బరువు ఊగడం చెబుతారు. ద్రవ్యరాశిని త్వరణంతో గుణిస్తే స్ప్రింగ్ బలం, ఆ బలం స్థానభ్రంశానికి ఎదురు దిశలో. జవాబులో మళ్ళీ సైన్, కొసైన్. రెండూ ఒకే సమీకరణమని చాలామందికి మూడేళ్ళలో ఎవరూ చెప్పరు. తర్వాత ఎలక్ట్రిసిటీలో కాయిల్, కెపాసిటర్ కలిపిన సర్క్యూట్ వస్తుంది. ద్రవ్యరాశి చోట ఇండక్టెన్స్, స్ప్రింగ్ స్థిరాంకం చోట కెపాసిటెన్స్ విలోమం. సమీకరణం అదే. ఒక్కసారి సాధించి మూడు చోట్ల వాడుకోవాల్సిన దాన్ని మూడుసార్లు బట్టీ పడుతున్నారు.

అందుకే ఆదివారం ఒక గంట, ఆ వారపు మ్యాథ్స్ నోట్సు, ఫిజిక్స్ నోట్సు పక్కపక్కన తెరవండి. ఇందులోది అందులో ఎక్కడ కనిపిస్తోందో మూడో పుస్తకంలో రాయండి. ఆ మూడో పుస్తకమే డిగ్రీ చివరికి మీ దగ్గరున్న విలువైన ఆస్తి అవుతుంది.

‘గ్రూప్ థియరీ దేనికి పనికొస్తుంది?’ అని అడిగేవాళ్ళకు తెలుగు నేల మీదే జవాబుంది. భౌతికశాస్త్రవేత్త సి.వి. రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చెప్పేవారు. ఆయన, టి. వెంకటరాయుడు కలిసి భౌతికశాస్త్ర సమస్యలకు గ్రూప్ థియరీని అన్వయించే పుస్తకం రాశారు. 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే దాన్ని ప్రచురించింది. అణువుల కంపనాలను, రామన్ వర్ణపటంలో కనబడే గీతలను సౌష్ఠవం ద్వారా ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే పుస్తకం అది.

దాని మొదటి మెట్టు మీరూ ఎక్కవచ్చు. నీటి అణువు బొమ్మ గీయండి: మధ్యలో ఆక్సిజన్, రెండు వైపులా హైడ్రోజన్లు. అణువు చూడటానికి మారకుండా ఏమేం చేయవచ్చు? ఏమీ చేయకపోవడం ఒకటి. మధ్య గీత చుట్టూ 180 డిగ్రీలు తిప్పడం రెండు. అణువు తలంలోనే అద్దం పెట్టడం మూడు. దానికి లంబంగా, రెండు హైడ్రోజన్ల మధ్యగా అద్దం పెట్టడం నాలుగు. ఏ రెండింటిని వరసగా చేసినా ఈ నాలుగింటిలోదే వస్తుంది. దేన్ని రెండుసార్లు చేసినా మొదటికే వస్తుంది. ఇది నాలుగు మూలకాల సమూహం. క్లాసులో గుణకార పట్టిక వేసి చూపిన అదే సమూహం మీరు తాగే నీళ్ళలో ఉంది.

5. చూడకుండా రాయండి, తుడిచి మళ్ళీ రాయండి

ప్రూఫ్ చదువుతున్నప్పుడు ప్రతి లైనూ అర్థమైనట్టే ఉంటుంది. వీడియో చూస్తున్నప్పుడు ఇంకా అర్థమైనట్టుంటుంది. ఆ అర్థం కావడం మీది కాదు, చెబుతున్నవాళ్ళది. మీది ఎంతో తెలియాలంటే పుస్తకం మూయాలి.

మార్కాపురం పలకలు దేశమంతటా బడి పిల్లల చేతుల్లో తిరిగాయి. ఒక పలక తెచ్చుకోండి, లేదా వాడేసిన కాగితాల వెనక వైపు పోగు చేసుకోండి. ఒక సిద్ధాంతాన్ని చదివి, పుస్తకం మూసి, పలక మీద రాయడం మొదలుపెట్టండి. ఎక్కడో ఆగిపోతారు. అక్కడే పుస్తకం తెరిచి ఆ ఒక్క లైను చూడండి, మొత్తం కాదు. ‘ఈ అడుగు నాకెందుకు తట్టలేదు?’ అని ఒక వాక్యం నోట్సులో రాయండి. పలక తుడిచి మొదటి నుంచి మళ్ళీ రాయండి. మూడు రోజుల తర్వాత ఒకసారి, పదిహేను రోజుల తర్వాత ఒకసారి ఇదే చేయండి.

ఆ ఆగిపోయిన చోట్ల జాబితా మీకొక్కరికే పనికొచ్చే గైడు. బజారులో దొరికే ఆల్ ఇన్ వన్‌లో అందరి ప్రశ్నలూ ఉంటాయి, మీ సందేహం ఉండదు.

రోజుకు ఒక్క ప్రూఫ్ లేదా ఒక్క డెరివేషన్ చాలు. నెలకు పాతిక దాటుతాయి, సెమిస్టర్ సిలబస్‌లో ముఖ్యమైనవన్నీ వచ్చేస్తాయి. పరీక్ష ముందు రాత్రి ఇరవై బట్టీ కొట్టే శ్రమ కంటే ఇది తక్కువే.

6. ల్యాబ్‌ను రికార్డు పుస్తకానికి వదిలేయకండి

సీనియర్ల రికార్డు చూసి రీడింగులు ఎక్కించడం చాలా చోట్ల అలవాటైపోయింది. అలా చేసినవాళ్ళు కొలవడం నేర్చుకోరు. కొలవడం రాకపోతే ఫిజిక్స్ సగం రానట్టే. కాలేజీలో పరికరాలు చాలకపోతే ఇంట్లో మొదలుపెట్టండి.

ఒక దారం, ఒక చిన్న రాయి, ఫోనులో స్టాప్‌వాచ్. కట్టిన చోటు నుంచి రాయి మధ్య వరకు కచ్చితంగా ఒక మీటరు ఉంచండి. కొద్దిగా మాత్రమే పక్కకు లాగి వదలండి. ఒక్క డోలనాన్ని కొలవకండి, ఇరవై డోలనాలకు పట్టిన కాలం కొలవండి. 40 సెకన్ల దగ్గర వస్తుంది. మీ వేలు నొక్కడంలో 0.2 సెకను తేడా ఉన్నా, ఇరవైకి కలిపి 40లో 0.2, అంటే అర శాతమే. ఒక్క డోలనమే కొలిస్తే అదే తేడా పది శాతమయ్యేది. గురుత్వ త్వరణం సూత్రంలో కాలం వర్గంగా ఉంటుంది కాబట్టి అర శాతం ఒక శాతమవుతుంది. దారం కొలతలో అర సెంటీమీటరు తేడా ఉంటే ఇంకో అర శాతం. అంటే మీ జవాబు 9.8కి ఒకటిన్నర శాతం లోపు ఉండాలి. అంతకంటే దూరం పోతే మీ కొలతలోనో లెక్కలోనో కారణం వెతకాలి. ఇలా ‘నా జవాబును ఎంతవరకు నమ్మవచ్చు’ అని చెప్పగలిగిన విద్యార్థి, సరైన అంకె రాసిన విద్యార్థి కంటే ముందున్నట్టు.

7. భాషకు భయపడకండి

2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లీషు మీడియంలోకి మారింది. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు మొదటి నెలలో వెనకబడేది పాఠం అర్థం కాక కాదు, వాక్యం అర్థం కాక. దీనికి మందు ఉంది. ఇంగ్లీషులో చదవండి, తెలుగులో మీకు మీరే గట్టిగా చెప్పుకోండి, మళ్ళీ ఇంగ్లీషులో రాయండి. నడిమి మెట్టు దాటేయకండి. తెలుగులో వివరించలేకపోతే ఇంగ్లీషులో రాసింది బట్టీయే.

గణితపు ఇంగ్లీషు చిన్నది. ప్రూఫ్‌లలో పదే పదే వచ్చే మాటలు వంద కూడా ఉండవు. ‘ప్రతి’, ‘ఏదో ఒక’, ‘అయితే’, ‘అయితేనే’ అన్న అర్థాలిచ్చే మాటల దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. ‘ప్రతి ఎప్సిలాన్‌కూ ఒక డెల్టా ఉంది’ అనడానికీ, ‘ఒకే డెల్టా ప్రతి ఎప్సిలాన్‌కూ సరిపోతుంది’ అనడానికీ ఎంత తేడా ఉందో 3x+1 మీదే పరీక్షించండి. వరస మారితే సిద్ధాంతమే మారిపోతుంది.

8. ఒంటరిగా చదవకండి

మీ కాలేజీలో మీతో పోటీపడేవాళ్ళు తక్కువుండవచ్చు. సాయం మాత్రం చేతికందే దూరంలోనే ఉంది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు, కేంద్రం నడిపే స్వయం వేదిక కోర్సులు వినడానికి ఉచితం. ఎంఐటీలో గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన లీనియర్ ఆల్జీబ్రా పాఠాలు, ఫైన్‌మన్ 1961 నుంచి కాల్టెక్‌లో మొదటి రెండేళ్ళ విద్యార్థులకు చెప్పిన ఫిజిక్స్ పాఠాల పుస్తకం నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక సబ్జెక్టుకు ఒకే వరస పాఠాలు ఎంచుకోండి. వాటినే చివరిదాకా చూడండి. పది నిమిషాలు విని, ఆపి, పలక మీద రాయండి.

గణితం మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఎంటీటీఎస్ గురించి తెలుసుకోండి. ప్రొఫెసర్ ఎస్. కుమరేశన్ 1993లో మొదలుపెట్టిన వేసవి శిక్షణ అది. బట్టీ మాన్పించి, ప్రశ్న అడగడం నేర్పడమే దాని పద్ధతి. ఎమ్మెస్సీకి ఐఐటీలకు వెళ్ళాలంటే జామ్ పరీక్ష ఉంది: మూడు గంటలు, 60 ప్రశ్నలు, డిగ్రీ సిలబస్ మీదే. పునాది గట్టిగా ఉన్నవాళ్ళకు దానికోసం కొత్తగా చదవాల్సింది తక్కువ. ఇంటర్‌లో రాష్ట్రంలో మొదటి ఒక శాతంలో ఉండి బేసిక్ సైన్సెస్‌లో చేరినవాళ్ళకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయల వరకు ఉంది. ఆ ఏటి నోటిఫికేషన్ తప్పక చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం, క్లాసులో ఇద్దరు ముగ్గురితో జట్టు కట్టడం. వారానికి ఒకరోజు ఒకరు బోర్డు మీద ఒక ప్రూఫ్ చెప్పాలి. మిగతావాళ్ళ పని ప్రతి లైనుకూ ‘ఎందుకు?’ అనడమే. అన్నవాళ్ళను మెచ్చుకోండి, చెప్పలేకపోయినవాళ్ళను చూసి నవ్వకండి. లెక్చరర్ దగ్గరకు వెళ్ళేటప్పుడు ‘ఈ చాప్టర్ అర్థం కాలేదు సార్’ అనకండి. ‘మేడమ్, ఈ మూడో లైను నుంచి నాలుగో లైను ఎలా వచ్చింది?’ అని అడగండి. అంత స్పష్టమైన ప్రశ్న తెచ్చిన విద్యార్థిని ఏ ఉపాధ్యాయులూ వెనక్కి పంపరు.

ఈ నెలలో చేయండి

మొదటి వారం: సిలబస్ మీద బాణాలు గీయండి. ఇంటర్ అవకలనం, సమాకలనం, సదిశలు తిరగేయండి.

రెండో వారం: అవధి నిర్వచనం మీద మూడు పందేలు ఆడండి: 3x+1, x వర్గం, 1/x. మూడూ చూడకుండా రాయండి.

మూడో వారం: మీ ఇంటి బోరు, లేదా పక్కింటి బోరు లోతు, మోటారు హెచ్‌పీ కనుక్కుని ఎంత నీరు రావాలో లెక్కగట్టండి. తర్వాత బకెట్టు, స్టాప్‌వాచ్ పెట్టి నిజంగా ఎంత వస్తోందో కొలవండి. రెండింటి తేడాకు కారణాలు రాయండి.

నాలుగో వారం: లోలకంతో గురుత్వ త్వరణం కొలవండి. దాని సమీకరణాన్ని మ్యాథ్స్ నోట్సులో వెతికి పట్టుకోండి. జట్టులో ఒక ప్రూఫ్ బోర్డు మీద చెప్పండి.

ఈ నాలుగు వారాల్లో మీరు చదివిన పేజీలు తోటివాళ్ళకంటే తక్కువే ఉండవచ్చు, మొదటి ఇంటర్నల్‌లో మార్కులూ తగ్గవచ్చు. చలించకండి. రెండో సెమిస్టర్‌లో కొత్త చాప్టర్ తెరిచినప్పుడు, ఎవరూ చెప్పకముందే మీ చెయ్యి పెన్సిల్ వైపు వెళ్తుంది. రేపు మీరు బడిలో లెక్కలు చెప్పినా, సొరంగాలకు వాలు లెక్కగట్టినా, పరిశోధన చేసినా, కంప్యూటర్ ముందు కూర్చున్నా, తెలియని సమస్య ముందు బెదరకుండా మొదటి లైను రాయగలగడమే మీకు తిండి పెడుతుంది. దాన్ని నేర్చుకోవడానికి ఇంత తీరిక మళ్ళీ దొరకదు. ఈ ఏడాదిని దానికే ఇవ్వండి.